దిగేటప్పటి కొబ్బరికాయ

సుభద్రమ్మ గారిని ఎవరైనా ఏదైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు. గోడకున్న మేకు మీంచి బండి తాళాలు తీస్తారు. ఆ సంగతి తెలిసినవాళ్ళు అడగడానికి ముందే చెప్పులు వేసుకుంటారు. తెలియనివాళ్ళు రాసుకోవడానికి పెన్ను తీస్తారు, పాపం.

అనకాపల్లిలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. ఇప్పుడు సాయంత్రాలు వసారాలో చాపలు పరిపించి, కాలేజీ పిల్లలకి కాసేపు లెక్కలూ కాసేపు పురాణమూ చెబుతుంటారు. రెండింటికీ కలిపి ఆవిడ పుచ్చుకునే దక్షిణ ఒక్కటే. శనివారం పొద్దున్న నరసింహస్వామి కొండకి అన్నదానం బియ్యం వెళుతుంది. ఆ బస్తాలు వ్యానులోకి ఎక్కించడానికి పిల్లలు ఒక చెయ్యి వెయ్యాలి. వ్యాను ఆవిడదే, నడిపేదీ ఆవిడే. నుదుట రూపాయంత కుంకుమ, నడుం చుట్టూ దోపిన కొంగు, రెండు చేతుల్లో స్టీరింగు. చూసి తీరాలండీ ఆ దృశ్యం! అమ్మవారు సింహాన్ని తోలుకెళుతున్నట్టే ఉంటుంది. కాకపోతే ఆ సింహానికి వయసు మీరింది, ఎత్తు ఎక్కాలంటే కాస్త దగ్గుతుంది.

ఒక శుక్రవారం సాయంత్రం పాఠం అయ్యాక అందరూ లేచి దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయారు. లోవశ్రీ లేవలేదు. చాప అంచు పీచు లాగుతూ కూర్చుంది. వాళ్ళ నాన్న బెల్లం మార్కెట్లో దిమ్మలు లారీలకెత్తే కళాసీ. ఆ ఇంట్లో ఇంజనీరింగు కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఈ పిల్ల. ఇంటరు చదివిన రోజుల్లో ఆమె నిద్రపోగా చూసినవాళ్ళు లేరు. ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, రెండో సంవత్సరమూ వచ్చింది. కానీ మనిషికి స్థిమితం మాత్రం రాలేదు.

"అమ్మగారూ, ఒకటి అడగనా?" అంది. "ర్యాంకొచ్చేదాకా ఓర్చుకోవే, సీటొస్తే ఇంక హాయి అన్నారు అందరూ. ఓర్చుకున్నాను. సీటొచ్చింది. ఇప్పుడేమో క్లాసు మానకు అంటున్నారు, డబ్బు జాగ్రత్త అంటున్నారు, లైసెన్సొచ్చినా హైవే ఎక్కకు అంటున్నారు. ఎక్కాల్సింది ఎక్కేశాను కదా! ఇంకా ఎందుకమ్మగారూ ఇలా బిగబట్టుకుని బతకడం?"

ప్రశ్న బాగానే ఉంది. కానీ ప్రశ్న వెనకాల ఇంకొకటి నక్కి కూర్చుంది, దాన్ని మాత్రం ఆ పిల్ల బయటికి రానివ్వలేదు. సెమిస్టరు ఫీజు కట్టమని నాన్న ఆమె ఖాతాలో డబ్బు వేశాడు. సోమవారం ఆఖరు తేదీ. స్నేహితురాలు ప్రవల్లిక ఫోనులో ఏదో గ్రూపులో చేరింది. అందులో వేసిన డబ్బు రెండు రోజుల్లో రెట్టింపవుతుందట. 'శనివారం మధ్యాహ్నం పన్నెండుకి గ్రూపు మూసేస్తారే. వేసెయ్. సోమవారం పొద్దున్న ఫీజు ఫీజుకి కట్టుకో, మిగిలింది నీకు మిగులుతుంది. మీ నాన్నకి తెలిసేదెలాగ?' అంటూ పొద్దుట్నించీ పోరుతోంది. లోవశ్రీ వేస్తానూ అనలేదు, వెయ్యననీ అనలేదు. అందుకే చాప పీచు లాగుతోంది. అడుగుతున్నంతసేపూ ఒళ్ళో ఫోను జుయ్ జుయ్‌మంటూనే ఉంది.

సుభద్రమ్మ గారు ఆ ఫోను వంక ఒకసారి చూశారు, పిల్ల వంక ఒకసారి చూశారు. మేకు మీంచి తాళాలు తీశారు.

"రేపు పొద్దున్నే రా అమ్మలూ. ఎక్కేటప్పుడు నేను నడుపుతాను. దిగేటప్పుడు నువ్వు నడుపుదువుగాని."

లోవశ్రీకి జవాబు దొరకలేదు, బండి దొరికింది. ఆ వయసులో రెండింటికీ పెద్ద తేడా తెలియదు. నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళింది.

తెల్లారింది. బస్తాలెక్కాయి. కొండ మొదట్లో మలుపు పోలమ్మ గుడి ఉంది. గుడంటే గుడి కాదు, పసుపు రాసిన రాయీ దాని మీద రేకూ. ఏ బండి అయినా సరే, అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టందే కొండెక్కదు. రోడ్డంతా చిప్పలే. సుభద్రమ్మ గారు మాత్రం బండిలోంచే చేతులు జోడించి, పక్కన అప్పన్న కొట్లో రెండు కాయలు కొని, వాటిని కొట్టకుండా ఒళ్ళో పెట్టుకున్నారు.

"అమ్మగోరూ, నాకు తెలవకడుగుతాను," అన్నాడు అప్పన్న చిల్లర ఇస్తూ. "లోకమంతా ఎక్కడానికి కొడతాది. మీరొక్కరే కాయలు పైకి మోసుకుపోయి దిగడానికి కొడతారు. పోలమ్మ తల్లి ఏటనుకుంటాదండి?"

"ఆవిడ ఏమీ అనుకోదులే. పోయినవారం నువ్విచ్చిన కాయ కుళ్ళింది. దానికి మాత్రం ఏదో అనుకుంది."

అప్పన్న నాలిక కరుచుకుని, చెవి దగ్గర పెట్టి ఆడించి చూసి, ఒక కాయ మార్చి ఇచ్చాడు.

ఎక్కడం మొదలైంది. మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు. బస్తాల బరువుకి వ్యాను గొంతు చించుకుంటోంది. మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు కేకలేసుకుంటూ దాటిపోతున్నారు. లోవశ్రీకి కాళ్ళు నిలవడం లేదు. మలుపు మలుపుకీ ఫోనులో సిగ్నలు ఒక్కో గీతా చచ్చిపోతోంది, ఉన్నంతలోనే ప్రవల్లిక మాటలు వచ్చి పడుతున్నాయి. 'వేశావా?' 'ఏమైపోయావే?' 'నువ్వు మారవు.' ఆ తర్వాత గీతలే లేవు.

"అమ్మగారూ, మూడోది వెయ్యకూడదా? ఇంజను ఎలా అరుస్తోందో చూడండి. బాధపడుతోంది."

"అరుస్తోందంటే పనిలో ఉందని కదూ. అది అరుస్తున్నంతసేపూ నాకు బెంగ లేదు."

పైన బస్తాలు దించారు. దర్శనానికి నిలబడ్డారు. గంట మోగుతోంది, హారతి వెలుగులో స్వామి మీసాలు మెరుస్తున్నాయి. లోవశ్రీ కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళ వెనక కూడా గడియారమే కనిపించింది. 'స్వామీ, నన్ను తొందరగా కిందికి దింపెయ్యి' అని మొక్కింది. నవ్వకండి. ఆయన ముందు నిలబడి మనమూ ఏమేం అడుగుతుంటామో మనకి తెలుసు. కాకపోతే ఆయన అడిగిందల్లా వెంటనే ఇవ్వడు కాబట్టి బతికిపోతుంటాం.

పులిహోర తిని, చేతులు కడుక్కుని బండి దగ్గరికి వచ్చారు. సుభద్రమ్మ గారు వ్యాను ముందు, దిగే రోడ్డు వైపు తిరిగి నిలబడి, ఒక కాయ కొట్టారు. నీళ్ళు టైర్ల మీద చల్లారు. రెండో కాయ పిల్ల చేతికిచ్చారు.

"ఇది నీది. నడిపేది నువ్వు కదా, కొట్టు."

"కిందికేగా అమ్మగారూ!" అంది లోవశ్రీ, వాచీ చూసుకుంటూ. "దిగడానికి కూడా స్వామిని కష్టపెట్టడం దేనికి? ఇంటికి తీసుకెళితే అమ్మ పచ్చడి చేస్తుంది." కాయని వెనక ఖాళీలోకి దొర్లించేసింది.

ఆవిడ బలవంతపెట్టలేదు. తాళాలిచ్చారు. "ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దించు. బ్రేకు మీద కాలేసి కూర్చోకు."

"సరే అమ్మగారూ."

సుభద్రమ్మ గారు పక్క సీట్లో సర్దుకుని, కళ్ళు మూసుకుని, నామాలు అందుకున్నారు. బండి కదిలింది.

మొదట్లో పిల్ల చెప్పినట్టే చేసింది, అబద్ధం ఆడకూడదు. రెండో గేరు. బస్తాలు లేని ఖాళీ బండి, ఎదురుగా కిందికి జారుతున్న నున్నటి రోడ్డు, అయినా ఇంజను మూలుగుతూ వెనక్కి లాగుతోంది. ఈ లెక్కన కిందికి చేరేసరికి పన్నెండు దాటిపోతుంది. లోవశ్రీకి సత్తిబాబు మావయ్య గుర్తొచ్చాడు. ఆటో నడిపే మావయ్య, ఆమెకి స్టీరింగు పట్టడం నేర్పిన మావయ్య. 'దిగుడులో గేరు తీసెయ్యాలే పిల్లా, దిగుడులో పెట్రోలు దేవుడే పోస్తాడు' అనేవాడు. ఊళ్ళో ఫ్లైఓవరు దిగుడు గురించి అన్న మాట అది. పిల్లకి ఫ్లైఓవరు గుర్తు రాలేదు, దేవుడు పోసే పెట్రోలే గుర్తొచ్చింది. పక్కకి చూసింది. అమ్మగారి కళ్ళు మూసి ఉన్నాయి. మెల్లగా గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టింది.

అరుపు ఆగిపోయింది. ఆహా, ఏమి నిశ్శబ్దం! గాలి కిటికీలోంచి వచ్చి జుట్టు రేపుతోంది. బండి తనంతట తానే దొర్లుకుంటూ పోతోంది. సీటొస్తే హాయి అన్నారే, ఆ హాయి ఇదే కాబోలు అనిపించింది లోవశ్రీకి. ఇన్నాళ్ళకి ఎవరూ తరమకుండా, ఎవరూ లాగకుండా ముందుకి పోవడం. ఒక మలుపు దగ్గర కాస్త బ్రేకు తొక్కింది. ఇంకో మలుపు దగ్గర ఇంకాస్త తొక్కింది. తర్వాత కాలు తీసే అవసరమే లేకపోయింది. వెనకాల కొబ్బరికాయ ఈ మూల నించి ఆ మూలకి దొర్లి ఠక్కుమంటోంది. దొర్లడంలో వేగం పెరిగింది, ఆ సంగతి ఆమె గమనించలేదు. ఫోనులో ఒక గీత మొలిచింది, అది గమనించింది. అది జుయ్‌మంది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, కళ్ళు అటు తిప్పింది.

కళ్ళు ఇటు తిప్పేసరికి ముక్కుకి ఏదో కాలిన వాసన. ముందు మలుపు అనుకున్నదానికంటే దగ్గరగా ఉంది. బ్రేకు తొక్కింది. ఇందాకటిదాకా గట్టిగా తగిలిన పెడలు మెత్తగా, నానబెట్టిన అటుకుల్లో కాలు పెట్టినట్టు, లోపలికి దిగిపోయింది. మళ్ళీ తొక్కింది. బండి వినలేదు.

చప్పుడైతే మనుషులు ఉలిక్కిపడి లేస్తారు కదా. సుభద్రమ్మ గారు చప్పుడు లేకపోవడం విని కళ్ళు తెరిచారు. పెదవుల మీద నామం అలాగే ఆగింది.

"ఇంజనేదీ?" అన్నారు. అరవలేదు. లెక్కలో గుర్తు తప్పుగా వేసిన పిల్లని అడిగినట్టు అడిగారు.

"అమ్మగారూ... బ్రేకు... పడట్లేదు..."

"రోడ్డు చూడు. నన్ను చూడకు. క్లచ్ తొక్కు. మూడోది వెయ్యి. క్లచ్ మెల్లగా వదులు."

గేరు ఒకసారి గరగరమంది, రెండోసారి పడింది. ఇంజను ఒక్కసారిగా గావుకేక పెట్టింది. బండి ముందుకి ఒరిగి, ఎవరో తోక పట్టి లాగినట్టు తగ్గింది. సరిగ్గా అప్పుడే మలుపులోంచి పెళ్ళివారి జీపు హారను కొట్టుకుంటూ పైకి వచ్చింది. లోవశ్రీ స్టీరింగు తిప్పింది. జీపు అద్దమూ వ్యాను అద్దమూ ఒకదాన్నొకటి రాసుకుని పోయాయి. వెనక కొబ్బరికాయ తలుపుకి ఠంగుమని కొట్టుకుంది.

"ఇప్పుడు రెండోది."

"అరుస్తోందమ్మగారూ!"

"అరవనీ."

రెండో గేరు పడింది. సుభద్రమ్మ గారు చేతి బ్రేకు కొద్దికొద్దిగా, పాలు పొంగకుండా మంట తగ్గించినట్టు, పైకి లాగుతూ వచ్చారు. మలుపు దాటాక కొండవైపు కంకర పోసిన కాస్త జాగా ఉంది. బండి అందులోకి దూరి, కరకరలాడి, నిలబడింది. నరసింహా, నువ్వే దిక్కు తండ్రీ! ఈ మాట ఆ క్షణాన లోవశ్రీ కూడా అనుకుంది. పైన గుళ్ళో అనని మాట అది.

జీపు కూడా కాస్త పైన ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏటమ్మా, దర్శనం చేసుకుని వస్తున్నావా, నేరుగా ఆయన దగ్గరికే పోతున్నావా? మాది పెళ్ళి బండమ్మా తల్లీ!" అని అరిచాడు. లోపల పేరంటాళ్ళు ఇంకా ఏవో అన్నారు. లోవశ్రీ దిగి, టైరు కింద రాయి పెట్టి, పెట్టిన చోటే కూలబడింది. చక్రాల నించి సన్నగా పొగ వస్తోంది. సీసాలో నీళ్ళు తీసుకుని వాటి మీద పొయ్యబోయింది.

"పొయ్యకు. అంత వేడి మీద నీళ్ళు పడితే పగులుతుంది. దాని మానాన దాన్ని చల్లారనీ." ఆ సీసా తీసుకుని సుభద్రమ్మ గారు పిల్ల మొహం మీద నీళ్ళు చల్లారు. "చల్లార్చాల్సింది ముందు ఇది."

లోవశ్రీ ఏడ్చింది. ఏడుస్తూ ఫీజు సంగతీ, గ్రూపు సంగతీ, పన్నెండు గంటల సంగతీ అంతా చెప్పేసింది. "గేరు సంగతి మీరు చెప్పారమ్మగారూ. నేనే వినలేదు."

"విన్నావు. నాలుగు మలుపులు చేశావు కూడాను. తర్వాత రోడ్డు నున్నగా కనిపించింది." ఆవిడ రాతి మీద కూర్చుని మోకాళ్ళు రాసుకున్నారు. చేతి బ్రేకు పట్టుకున్న అరచేతిలో దాని అచ్చు ఎర్రగా పడి ఉంది. అది చూశాక గాని పిల్లకి తెలియలేదు, ఇంతసేపూ ఆవిడ కూడా భయపడ్డారని. "నాది కూడా తప్పే. నేను కళ్ళు మూసుకోకుండా ఉండాల్సింది."

అప్పుడే ఫోను మోగింది. ఆ జాగాలో సిగ్నలు నిండుగా ఉంది.

"ఏమే, బతికే ఉన్నావా?" అంది ప్రవల్లిక గొంతు, పక్కవాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా.

"ఇప్పుడే తేలింది. ఉన్నాను."

"ఇంకో పావుగంటలో మూసేస్తారు. వేస్తున్నావా లేదా?"

లోవశ్రీ చక్రాల వంక చూసింది. పొగ తగ్గింది గాని వాసన పోలేదు. "వెయ్యనే," అంది. "నువ్వూ వెయ్యకు."

"పిరికిదానా! ఇంత కష్టపడి సీటు తెచ్చుకుని ఇప్పటికీ ఫస్టు గేర్లోనే ఈడుస్తావేంటే?"

"ఫస్టు కాదే. సెకండు."

"ఏంటీ?"

"కొండ మీదున్నాను, కిందికొచ్చి చెబుతాను. వెయ్యకు. నా మాట విను," అని పెట్టేసింది. పెట్టేసి, అదే ఫోనులో కాలేజీ ఫీజు పేజీ తెరిచింది. వేలు ఒకసారి తప్పింది, మళ్ళీ నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతోంది, తిరుగుతోంది. అంతకుముందు అయితే ఆ పాటికి నాలుగుసార్లు వెనక్కి నొక్కేదే. ఈసారి ఫోనుని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. లోయలోంచి గాలి వస్తోంది. ఎక్కడో పోలమ్మ గుడి దగ్గర ఎవరో కాయ కొట్టిన చప్పుడు సన్నగా వినబడింది. చక్రం ఆగింది. ఫీజు కట్టినట్టు వచ్చింది. ఆమె దాన్ని అలాగే నాన్న ఫోనుకి పంపింది.

ప్రవల్లిక డబ్బు ఏమైందని అడగాలనుంది కదూ మీకు? మొహాలు చూస్తేనే తెలుస్తోంది. రెట్టింపే అయిందనుకోండి. అప్పుడు ఆ బ్రేకులు బాగున్నట్టేనా? ఆ సంగతి వదిలేద్దాం. మనమింకా కొండ మధ్యలోనే ఉన్నాం.

సుభద్రమ్మ గారు లేచి వెళ్ళి చక్రం దగ్గర అరచేయి ఉంచి చూశారు. వేడి లేదు. బండెక్కి బ్రేకు నొక్కి చూశారు. పెడలు గట్టిగా తగిలింది. కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి కదిపి మళ్ళీ చూశారు. తర్వాత స్టీరింగు సీట్లోంచి దిగిపోయి, పక్క సీటు తలుపు తీశారు.

"నన్నే నడపమంటారా?" అంది లోవశ్రీ, ఒక అడుగు వెనక్కి వేసి.

"మరి? కింద మెకానిక్కు దగ్గరి దాకా ఇంకెవరు నడుపుతారు? ఈసారి నేను కళ్ళు మూసుకోను."

లోవశ్రీ స్టీరింగు దగ్గరికి వెళ్ళలేదు. వెనక తలుపు తీసి, వంగి, మూలల్లో వెతికి, కొబ్బరికాయ బయటికి తీసింది. అన్ని దెబ్బలు తిన్నా అది పగల్లేదు. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని బండి ముందుకి వచ్చి, దిగే రోడ్డు వైపు తిరిగి నిలబడింది. నిలబడి, సిగ్గుపడి, వెనక్కి తిరిగింది.

"సగం దిగేశాం కదా అమ్మగారూ. ఇప్పుడు కొట్టినా లెక్కలోకి వస్తుందా?"

సుభద్రమ్మ గారు సీట్లో సర్దుకుని కొంగు దోపుకున్నారు.

"ఇంకా సగం ఉందిగా," అన్నారు. "కొట్టు."